ముందు సీటు

"కాస్త ఆపయ్యా" అన్నాడు ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన.

హజరత్తయ్య విసుక్కుంటూ బ్రేకు తొక్కాడు.

"మళ్లీ ఏంది?"

"కాళ్లు తిమ్మిరెక్కినాయి."

"నిన్న వక్కాకు. మొన్న చెప్పు జారిపోయింది. రోజూ రెండుసార్లు ఆపాల్సిందే. వెనకాల ఉండేది రొయ్యలు పెద్దాయనా, రాళ్లు కాదు."

పెద్దాయన దిగాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాలవలో ముఖం కడుక్కున్నాడు. పావుగంటకు గాని తిరిగి ఎక్కలేదు.

మైపాడు రేవులో రొయ్యలు కొని, నెల్లూరు స్టేషన్లో మద్రాసు బండికి ఎక్కించడం హజరత్తయ్య వ్యాపారం. ఎడ్లబండి మీద తోలినన్నాళ్లూ సగం సరుకు దారిలోనే మెత్తబడేది. అందుకని భార్య ఆదిశేషమ్మ కాసులపేరు తాకట్టు పెట్టి ఈ కారు కొన్నాడు.

పాత పెద్ద కారు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించినది. వేడి చూపించే ముల్లు ఎప్పుడో ఆగిపోయింది.

అమ్మేటప్పుడు బ్రోకరు ఏమీ దాచలేదు.

"ఇంజను హెడ్డు ఒకసారి పగిలితే అతుకేసినారు. వేడెక్కనిచ్చినావంటే పోతాది. తర్వాత నన్నడగొద్దు."

"ఎంత తగ్గిస్తావు?"

"ఎనిమిది వందలు."

నాలుగు నెలలు గడిచాయి. కారు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అమ్మినవాడు భయస్తుడు, తను ధైర్యస్తుడు, ఇద్దరికీ తేడా ఎనిమిది వందలని హజరత్తయ్య లెక్క కట్టుకున్నాడు.

పెద్దాయన మొదటి వారంలోనే రేవులో ఎదురొచ్చి అడిగాడు.

"నెల్లూరు దాకా ఎక్కించుకుంటావా అయ్యా? అర్ధ రూపాయి ఇస్తా."

"బస్సులో ఇంకా తక్కువే గదా?"

"నాకు ముందు సీటు కావాల."

వెనక సీట్లు ఎటూ పీకేసి గంపలు పెట్టారు. ముందు సీటు ఖాళీగా పోవడం కంటే అర్ధ రూపాయి నయం. ఎక్కించుకున్నాడు.

మే నెల వచ్చింది. ఐసు చూస్తుండగానే నీళ్లవుతోంది. ఒక్కో ఆగుడికి పావుగంట. రెండిటికి అరగంట. ఆ సీట్లో మనిషికి బదులు రెండు గంపలు పడతాయి.

"రేపట్నించి రావొద్దు పెద్దాయనా" అన్నాడు స్టేషను ముందు దించుతూ.

"రూపాయి ఇస్తానయ్యా."

"రెండు గంపలు పెడితే నాకు నాలుగు రూపాయలు."

పెద్దాయన దిగి తలుపు మూశాడు.

"అయితే ఇందుకూరుపేట కాడ ఒకసారి ఆపుకో. కాలవ కాడ ఇంకోసారి. ఇంజను చల్లబడనీ."

"ఇంజను సంగతి నువ్వు చెప్పాల్నా నాకు? పోయి నీ పని చూసుకో."

పెద్దాయన బస్సులు ఆగేవైపు నడిచాడు.

తొమ్మిది రోజులు కారు ఎక్కడా ఆగకుండా నెల్లూరు చేరింది. ప్రతిరోజూ అరగంట ముందుగానే. హజరత్తయ్యకు స్టేషన్లో కాఫీ తాగడానికి తీరిక కూడా దొరికింది.

పదోరోజు కాలవ దాటాక బానెట్ కిందనుంచి తెల్లటి పొగ లేచింది. ఇంజను బిగుసుకుపోయింది.

మద్రాసు బండి వెళ్లిపోయింది. ఎండ ముదిరేసరికి కంపుకు గంపల దగ్గర నిలబడలేకపోయారు. సరుకంతా పక్క పొలంలో గుంట తీసి పూడ్చారు.

కారును ఎడ్లు కట్టి నెల్లూరు షెడ్డుకు లాక్కుపోయారు.

మెకానిక్ ఇంజను విప్పి చూశాడు.

"దీన్ని ఎక్కడా ఆపకుండా తోలినావా అన్నా?"

"పది రోజుల్నించి."

"అంతకు ముందు?"

"దారిలో రెండుసార్లు ఆగేవాణ్ణి. నాలుగు నెలలు."

"ఆపినన్నాళ్లూ బతికింది."

"బాగు చేస్తే?"

"ఇంకో కారు కొన్నంత అవుతాది."

హజరత్తయ్య కారును పాత ఇనప కొట్టుకు తూకానికి అమ్మాడు. వచ్చిన డబ్బు తాకట్టు మీద వడ్డీకి సరిపోయింది. కాసులపేరు సేటు దగ్గరే ఉండిపోయింది. ఆదిశేషమ్మ అన్నం పెట్టింది. తిన్నాడు.

మళ్లీ ఎడ్లబండి కట్టించాడు.

వారం తర్వాత రేవులో గంపలు ఎత్తిస్తుంటే, ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది.

"నేను ఎలిశబెతునయ్యా. యెహోషువ ఇంటిదాన్ని."

"యెహోషువ ఎవరు?"

"నీ కార్లో ముందు కూర్చునేవాడు."

నాలుగు నెలల్లో ఆ పేరు అడగలేదని హజరత్తయ్యకు అప్పుడు తెలిసింది.

"ఏం కావాలమ్మా?"

"కారు చప్పుడు వినపడటం లేదు, ఏమైందో కనుక్కొని రమ్మన్నాడు. పొద్దున లేస్తే రోడ్డు పక్కన కూర్చోనుంటాడు."

"కారు లేదు. ఇనప కొట్టుకు పోయింది."

ఆమె తట్ట దించి కింద పెట్టింది.

"ఆయనకు మాత్రం రిపేర్లో ఉందని చెప్తాలే" అంది.

"రోజూ నెల్లూర్లో ఆయనకు ఏం పనమ్మా?"

"ఏం పని లేదయ్యా. నువ్వు దించంగానే బస్సెక్కి ఇంటికొచ్చేవాడు. రానూపోనూ చార్జీలు ఈ ఎండుచేపలు అమ్మి నేనిచ్చినయ్యే."

"పనిలేనోడు ఎందుకు రావాల? ఇంజను అట్టాంటిదని మొదటిరోజే నాతో ఒక్క మాట చెప్తే పోలా?"

"నేనూ అదే అన్నా. చెప్తే వినరు, పక్కన కూర్చుంటే ఆపుతారు అన్నాడు."

"ఆయనకెందుకమ్మా అంత తాపత్రయం?"

ఎలిశబెతు తట్ట మళ్లీ నెత్తికెత్తుకుంది.

"చూపు మందగించిందని పాత యజమాని మాన్పించేదాకా, పదకొండేళ్లు ఆ కారు తోలింది ఆయనే గదయ్యా."