ఒకటే చెంచా

"పాదిరిగారూ, ఆ మనిషితో నన్ను లోపల పెట్టి తాళం వెయ్యకండి. చంపేస్తాడు," అంది ఆగ్నెతా.

విడిపోతామని వచ్చిన ఆలుమగలను, మనసు మార్చుకుంటారేమోనని, చర్చి కోట బురుజులో రెండు వారాలు ఒకే గదిలో ఉంచాల్సిందేనని, తాతల నాటి కట్టుబాటు ఆమె ఒక్కదాని కోసం మారదని పాదిరి చెప్పాడు. మొగుడు మాథెస్ అప్పటికే లోపల కూర్చున్నాడు. కోడెను కొమ్ములు పట్టి కూలదోసే మనిషి.

మెట్ల మలుపులో తల్లి రెజీనా కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసే పిల్లా, మీకు కూడు వండి తెచ్చేది నేనే. ఆదివారం మాంసం పులుసు మాత్రం నువ్వు నోట పెట్టకు. వాడికి వదిలెయ్."

ఊరందరి ఎండు పందిమాంసం వేలాడే పక్క బురుజును ఆదివారం గంట కొట్టాకే తెరుస్తారు. పొగ పట్టిన ఆ మాంసం ఘాటులో ఏం కలిపినా తెలియదు. తల్లి ఏం చెయ్యబోతోందో ఆగ్నెతాకు అర్థమైంది. అయినా వద్దనలేదు.

గదిలో మంచం ఒకటే, పళ్లెం ఒకటే, చెంచా ఒకటే. గోడ ఆరడుగుల మందం. గొంతు చించుకున్నా బయటికి వినపడదు. ఆమె మూలకు ఒదిగి కూర్చుని అతని చేతులనే చూస్తూ ఉండిపోయింది. జావ వచ్చింది. మాథెస్ చెంచా ఆమెకిచ్చాడు.

"ముందు నువ్వు తిను."

ఆమె తిన్నాక చాలాసేపటికి గాని అతను ముట్టలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇంట్లో ఏనాడూ ఆమె తిన్నదీ లేనిదీ చూడని మనిషి. నాలుగోనాటికి ఆమెకు అతనంటే భయం తగ్గింది. శనివారానికి కొత్త భయం పట్టుకుంది. తల్లికి వద్దని చెబుదామంటే తలుపు దగ్గర ప్రతిసారీ పాదిరి ఉంటున్నాడు.

ఆదివారం గంట కొట్టారు. పులుసు వచ్చింది. మాథెస్ ఎప్పటిలాగే చెంచా అందించాడు. కడుపులో బాగాలేదంది ఆగ్నెతా. అతను పులుసులో చెంచా ముంచి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఒక్క గుక్క."

ఆమె చెంచాను, పళ్లేన్ని ఒక్క తోపు తోసేసింది. అతని కాళ్లమీద పడి తల్లి చెప్పిందంతా చెప్పేసింది.

"ఇంత ప్రేమగా ముందు నాకు పెట్టి తినేవాణ్ణి ఎలా చంపుకోను మాథెస్?"

అతను నేలమీద పారుతున్న పులుసును చూశాడు.

"ప్రేమేమిటే? వండేది మీ అమ్మ కదా అని, ముందు నీకు పెట్టి చూస్తున్నాను."