టెస్టర్ సీసా

పదిహేను వేల సెంటుకీ, సందు చివర మూడొందలకి దొరికే దాని నకలుకీ నిజంగా అంత తేడా ఉందా? సెంట్ల కౌంటర్‌లో చేరిన తొమ్మిదేళ్ళుగా ఆమెను తొలుస్తున్న అనుమానం అది. జవాబు చెప్పగల మనిషి ఇవాళ రానే వచ్చాడు.

“అక్కా, ముక్కుదొర లిఫ్ట్ ఎక్కాడు!” బిల్లింగ్ అమ్మాయి గుసగుసగా అంది. “మూడేళ్ళ కిందట పక్క బ్రాంచిలో టెస్టర్‌లో నీళ్ళు కలిపారని వాసనతోనే పట్టేసి, ఇద్దర్ని ఇంటికి పంపాడట.”

కొనేవాళ్ళు వాసన చూడ్డానికి కౌంటర్ మీద ఉంచిన టెస్టర్ సీసా వైపు ఆమె చూసింది. మూడు రోజుల కిందట తుడుస్తుంటే దాని మూత ఊడి సెంటంతా నేలపాలైంది. భయంతో నకలు తెచ్చి నింపేసింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే మరి.

“నోరు విప్పకక్కా. నేను తప్ప ఎవరూ చూళ్ళేదు.”

“దేవుడు చూళ్ళేదంటావా?”

“దేవుడు ఉద్యోగాలు పీకడక్కా!”

ముక్కుదొరని పేరుపడ్డ తనిఖీ అధికారి వచ్చాడు. కాగితపు పట్టీ మీద సెంటు చిమ్మి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. ముక్కు తేటపడడానికి ఉంచే కాఫీగింజల డబ్బా అందుకున్నాడు. పురుగు పట్టి వాసనే చచ్చిన గింజలవి. మార్చడం మరిచిపోయింది.

“గింజలు తాజాగా ఉన్నాయి,” అన్నాడు.

వెటకారం! ఆమె గబుక్కున డబ్బా పక్కకి జరిపింది.

“ఈ సెంటు ఎలా ఉందో నువ్వే చెప్పు.”

అన్నీ తెలిసే అడుగుతున్నాడు. వెనకనుంచి బిల్లింగ్ అమ్మాయి వద్దు వద్దంటూ తల ఊపుతోంది.

“అది నకలు సార్. నేనే నింపాను.”

బిల్లింగ్ అమ్మాయి తల పట్టుకుంది. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“అసలుకీ దీనికీ తేడా ఏమిటి?”

“అసలుదాన్ని తొమ్మిదేళ్ళుగా, దీన్ని మూడు రోజులుగా చూస్తున్నా సార్. మొదటి గంట రెండూ కవలపిల్లలే. తర్వాత నకలు అలిసిపోతుంది, మధ్యాహ్నానికి వట్టి తీపి మిగులుతుంది. అసలుదైతే మర్నాడు చీర మడత విప్పినా పలకరిస్తుంది.”

ప్రతి మాటా పుస్తకంలో రాసుకున్నాడు. తన మీద ఫిర్యాదే అనుకుంది.

“కొత్త టెస్టర్ తెప్పించు. వచ్చే నెల నుంచి తనిఖీలకి నాతో రా.”

“నన్ను... తీసెయ్యరా సార్?”

అతను బిల్లింగ్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“పోయినేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలీదమ్మా.”