అవతలి ఊరి జవాబు

దగ్గరికి జరగండర్రా, కొండమీది మన రేడియో సంగతి చెబుతాను. అప్పటికి రేడియో గదిలో పాటలన్నీ నేర్చిన యంత్రమొకటి కొలువుంది. థింసా ఆటకు ఒక ఊరు పాటతో ప్రశ్న అడిగితే, అవతలి ఊరు జవాబు పాడి ఆటకు రావడం మన ఆచారం కదా. పండగ ముందు మన ఊరి ముసలి పాటగత్తె సొంబారి రేడియోలో, "కొండెక్కిన మబ్బు ఎవరి చేను తడిపింది?" అని పాడి ఆగింది. వెంటనే యంత్రం కమ్మని గొంతుతో జవాబు కూడా పాడేసింది!

అవతలి ఊరికి ఒళ్లు మండింది. "మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకున్నారు, మీ ఆటా మీరే ఆడుకోండి" అని కబురొచ్చింది. సొంబారి ఆ ఊరి కోడలైన అక్క బుద్రితో నడుము పట్టుకుని ఆడేది ఏడాదికి ఆ ఒక్కరోజే.

మర్నాడు రేడియో గదికి వెళ్లి మళ్లీ పాడి ఆగింది.

"మామ్మా, ఖాళీగా ఉంది, ఏదైనా పాడనా?" అంది యంత్రం.

"నువ్వూరుకోవే. అది ఖాళీ కాదు, మా అక్క వంతు."

ఊరూరా రేడియోలు మూగబోయాయి. చాలాసేపటికి ఫోను మోగింది.

"ఒసే సొంబారీ, అది నాకన్నా బాగా పాడిందనే కదే నా కోపం!" అంటూ బుద్రి బొంగురు గొంతుతో జవాబెత్తుకుంది.

ఇది గుర్తుపెట్టుకుని మీ పిల్లలకు చెప్పండర్రా. చెప్పేటప్పుడు, ఫోను మోగేముందు కాసేపు ఆగండి. తొందరపడకండి.