మూత్రం సదువు

బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చింది. కిడ్నీ, మూత్రసంచి, ప్రొస్టేటు ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు కనిపెట్టే పని డాక్టర్లకు ఏడాది నేర్పుతరు. నాకు సీటిచ్చిండ్రు. కోస్గి తపాలాఫీసు మూసేలోగ వస్తనని జవాబు కొట్టాలె.

“ఆడపిల్లవు, గదేం సదువు బిడ్డా? మందికి ఏమని చెప్పుకోవాలె?” అన్నడు మా నాయిన గుర్వయ్య.

“గొర్రెకు మూత్రం బందైతే నువ్వు చూస్తలేవా? మనిషికి నేను చూస్త.”

నాయిన లేచి దొడ్లెకు పోయిండు. వచ్చినంక నేను మళ్ల మొదలువెడితే, మళ్ల లేచిండు. నాకు ఒళ్లు మండింది. ఆయన ఎంబడే దొడ్లెకు పోయిన.

“నా మాట గింత చేదైందా నాయినా?”

గోడకు చెయ్యి ఆనించి, నాకు వీపు వెట్టి నిలబడ్డడు. కింద, మూత్రం పోసేకాడ చల్లిన సున్నం ఎర్రగ తడిసింది.

తిరగకుండనే అడిగిండు: “నువ్వు సదివొచ్చేదాంక గిది ఆగుతదా బిడ్డా?”