పింఛను నవ్వు

తాలింపు గరిటెను ఎడమ కొక్కేనికి తగిలించావేమని అత్తగారు పొద్దున్నే సాధించింది. సుభాషిణి దాన్ని కుడి కొక్కేనికి మార్చి పనికి బయల్దేరింది, ఆమెకు పగలంతా నోటితోనే పని. ఇప్పుడు ఏ అర్జీ అయినా వీడియోలోనే పెట్టుకోవాలి, ముఖంలో కళ లేకపోతే అర్జీలు చూసే యంత్రం తిప్పిపంపుతుంది. జనానికి ఆ కళ నేర్పడమే ఆమె ఉద్యోగం.

సాయంత్రం అలసి వచ్చి అత్తగారిని కెమెరా ముందు కూర్చోబెట్టింది. బతికే ఉన్నానని పింఛను కోసం ఆవిడ పంపిన వీడియో అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది.

"మామయ్యగారి పేరు దగ్గర కాస్త నవ్వండి, అత్తయ్యా."

"పోయినాయన పేరు చెప్పి ఇకిలించమంటావుటే?"

సుభాషిణి కెమెరా కట్టేసింది.

భోజనాల దగ్గర భర్తకు చారు పోస్తూ చెప్పింది. "అత్తయ్య పింఛను మనకొద్దండీ. ఆవిడకి నేను నవ్వు నేర్పను."

"మరి ఇల్లు గడిచేదెలా?"

"ఇంకో ఇద్దరు పరాయివాళ్లకి నేర్పుకుంటాలెండి," అంటూ తన కంచం ముందు కూలబడింది.