ముగ్గు లేని చేను

డ్రోన్ పైకి లేవగానే నాగవేణి తెరలోకి చూసింది. ఊరి కొర్రచేలన్నిటా ఎప్పటిలాగే గుండ్రటి ముగ్గులున్నాయి. పైరును వంచి వాటిని వేసేది కలుపుతీసే యంత్రాలేనని, మన వాకిళ్లు చూసి నేర్చుకున్నాయని ఇప్పుడు అందరికీ తెలుసు. ఈరోజు నాగవేణి వాళ్ల చేను మాత్రం బోసిగా ఉంది.

"మన కలుపు మిషన్‌కి చార్జింగ్ అయిపోయింటాదిలే," అన్నాడు మొగుడు ఓబులేసు.

"లేదు, తిరుగుతానే ఉండాది. ముగ్గొకటే ఎయ్యలేదు. మనం ముగ్గు ఎప్పుడు మానేస్తామయ్యా?"

"ఇంట్లో ఎవరన్నా పోతే..." అంటూనే అతను ఆగిపోయాడు.

రాత్రింబవళ్లు అత్త చేతి పట్టీ పంపే నాడిని చూసేది కూడా ఆ కలుపు యంత్రమే.

ఇద్దరూ వసారాలోకి పరుగెత్తారు. అత్త నిద్రపోతోందనుకుని నాగవేణి పొద్దున మంచం పక్కన పెట్టి వచ్చిన కాఫీ అలాగే తొరక కట్టి ఉంది.