పన్నెండు బ్యాగులు, ఒక్క ఫిర్యాదు

పెద్దాయన బ్యాగు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. వరసగా ఇది నాలుగో సోమవారం.

"వదినా, మీ చుట్టం వచ్చాడు," అంది బిల్లులు రాసే ఆడపడుచు, తల ఎత్తకుండానే.

ఆటసామాన్ల దుకాణం యజమానురాలు నిట్టూర్చింది.

పద్దెనిమిదేళ్ళుగా దుకాణం నడుపుతోంది ఆవిడ. సరుకు చేత్తో పట్టుకుంటే చాలు, అది అమ్ముడవుతుందో మూలపడుతుందో చెప్పేస్తుంది. ఆ నమ్మకంతోనే డిస్క్ గోల్ఫ్ బ్యాగులు తెప్పించింది. చిన్న పళ్ళేల్లాంటి డిస్కుల్ని దూరాన ఉన్న గొలుసుల బుట్టలోకి విసిరే ఆట అది. ఊరికి కొత్త. ఇరవై డిస్కులూ, నీళ్ళ సీసా, తువ్వాలూ పట్టే ఆ బ్యాగూ కొత్తదే, కంపెనీ కుట్టిన మొట్టమొదటి సరుకు.

"వీటిని ఎవరు కొంటారమ్మా?" అని పక్క దుకాణం వాళ్ళు నవ్వారు.

రెండు వారాల్లో పన్నెండూ అమ్ముడయ్యాయి. నవ్విన నోళ్ళు మూతపడ్డాయి.

మొదటిది కొన్నది ఈ పెద్దాయనే. "ఊళ్ళో ఈ ఆటకి సామాను తెచ్చిన మొదటి దుకాణం మీదేనమ్మా," అని మురిసిపోతూ, బేరమాడకుండా భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఆ మురిపెం మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. మొదటి సోమవారం వచ్చి, గడ్డి మీద పెడితే అడుగు నుంచి తడి ఎక్కుతోందన్నాడు. రెండో సోమవారం జిప్పు పళ్ళు వదులవుతున్నాయన్నాడు. మూడో సోమవారం భుజం పట్టీ ఊడుతోందన్నాడు.

"ఇవాళేమిటండీ?"

"పట్టీయేనమ్మా. బరువంతా ఒక్క వరస కుట్టు మీదే పడుతోంది. రెండు వరసలు వెయ్యాలి. కంపెనీకి ఒక్క మాట రాయండి."

ఆవిడ పట్టీని పట్టుకుని గట్టిగా లాగింది. కాస్త కూడా కదల్లేదు.

"బానే ఉందిగా?"

"నేను కుట్టుకున్నాను."

"కుట్టుకున్నాక ఇంకేమిటండీ మీ బాధ?"

"అందరివీ ఇంతేనమ్మా."

"అందరూ అంటే ఎవరు? పన్నెండు అమ్మాను. మీరు తప్ప ఒక్కరైనా మళ్ళీ గడప తొక్కారా?"

"రారులెండి," అన్నాడు పెద్దాయన చిన్నగా నవ్వి.

ఆ నవ్వుకి ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆ రోజే కంపెనీకి జవాబు చెప్పాలి. ఇంకో యాభై బ్యాగులు తీసుకుంటే ఊరు మొత్తానికి అమ్మే హక్కు ఆవిడది. ఒకసారి తీసుకున్నవి వెనక్కి తీసుకోరు. అమ్ముడైతే దుకాణం దశ తిరుగుతుంది, లేకపోతే యాభై బ్యాగులూ నెత్తిన కూర్చుంటాయి. అయినా ఆవిడకి అనుమానమే లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. పదకొండు మంది మౌనంగా ఉన్నారంటే పూర్తి అంగీకారమే. ఈ పన్నెండో ఆయన కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.

"కంపెనీకి చెప్పేస్తాను," అని ఆడపడుచుతో అంటూ ఆవిడ ఫోను అందుకుంది. పెద్దాయన ఫోను వంకా ఆవిడ వంకా చూశాడు. "మళ్ళీ తెప్పిస్తున్నారా? కుట్టు మార్చేదాకా ఒక్క నెల ఆగండమ్మా. ఇలాంటి చికాకులతోనే కొత్త ఆట మీద జనానికి విసుగొచ్చేస్తుంది."

"ఇదిగో మీ డబ్బు," అంది ఆవిడ, బ్యాగు తనవైపు లాక్కుంటూ. "మీకు ఈ బ్యాగు పడదు. నాకు మీ ఫిర్యాదులు పడవు. ఇక మీరు శ్రమ తీసుకోకండి."

పెద్దాయన డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"మీరు వద్దన్నాక ఇంక నేనెందుకు లెండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"పీడ వదిలింది," అంది ఆడపడుచు.

యజమానురాలు కంపెనీకి ఫోను చేసి యాభైకి సరే అంది. గొంతులో తడబాటు లేదు.

మూడు వారాలకి సరుకు దిగింది. వెనక గోడ నిండా బ్యాగులు వేలాడదీయించి, తృప్తిగా చూసుకుంది.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద జనం ఉన్నారు. అందరి చేతుల్లోనూ అవే బ్యాగులు. ఆవిడ ముఖాలన్నీ పోల్చుకుంది. వాళ్ళు ఆ పదకొండు మందే.

"చూశావా? కొత్త సరుకు సంగతి అప్పుడే తెలిసిపోయింది," అంది ఆడపడుచుతో.

ముందున్న బడి పంతులమ్మ బ్యాగుని కౌంటరు మీద పెట్టింది. ఒక పట్టీ పూర్తిగా ఊడిపోయి ఉంది. వెనకాయన బ్యాగుకి జిప్పు పడటం లేదు. ఆ వెనకావిడది అడుగంతా తడిసింది.

"ఏమీ అనుకోకండి," అంది పంతులమ్మ. "ఇన్నాళ్ళూ మాకు ఇక్కడిదాకా వచ్చే పని పడలేదు. మూడు ఆదివారాలుగా మీ మనిషి మైదానానికి రావడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"మా మనిషా?"

"అదేనండీ, పెద్దాయన. సూదీ దారం పట్టుకొచ్చేవాడే."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడకి యాభై బ్యాగులు, అన్నీ ఒక్క వరస కుట్టువే. వాటికంటే ఎక్కువగా, పెద్దాయనతో తను అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆయన ఇల్లెక్కడో తెలుసా?" అని అడిగింది చివరికి.

"మీకే తెలుస్తుందనుకున్నాం."

"ఆయన మా మనిషని మీకెవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడు," అంది పంతులమ్మ. "ఆడటానికని వచ్చి, ఒక్క డిస్కయినా విసరకుండా మా బ్యాగులన్నీ కుడుతూ కూర్చునేవాడు, మీకెందుకండీ ఈ శ్రమ అంటే, కొన్నవాళ్ళకి ఏ ఇబ్బందీ రాకుండా చూసుకోమని దుకాణం ఆవిడే నన్ను పంపిందమ్మా అనేవాడు."